బ్రీదర్ పైపులో కాపురం

కొంటాలో హైవే మీద మా దుకాణానికి ఎప్పుడూ బోర్డు లేదు. ఒక ఆయిల్ డ్రమ్ము, దాని పక్కన సిమెంటు చేసిన గుంత, పైన రేకులు. లారీ వచ్చి గుంత మీద నిలబడితే నేను కిందికి దిగేదాన్ని. నట్టు విప్పడం, మాడిన ఆయిల్ దింపడం, కొత్తది పోయించడం, చివరికి గుడ్డతో తుడిచి బొట్టు కారడం లేదని చూసుకోవడం. నా ఉద్యోగం మొత్తం ఇంతే. ఆయన ఉన్నప్పుడు పైన ఆయన, కింద నేను. ఆయన పోయాక పైనా కిందా నేనే. మోకాళ్ళు ఇక వద్దన్నాక కొడుక్కి అప్పజెప్పి ఇంటికి వచ్చేశాను. ఇల్లంటే దూరం కాదు, దుకాణం వెనక తలుపే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు లారీల సంగతులు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది ఒక కారు సంగతి. నా చేతుల మీదుగా ఎన్నో ఇంజన్లు పోయాయి గాని, నన్ను ఇంత తిప్పలు పెట్టిందీ, ఇంత నవ్వించిందీ ఇంకోటి లేదు. పైగా అది నేను పని మానుకున్నాక వచ్చింది. పని మానుకున్నానని మనం అనుకుంటాం, పని అనుకోదు.

కారు మా కోడలిది. ఆమె పుట్టి పెరిగింది బైలాడిలా గనుల టౌన్‌షిప్‌లో. వాళ్ళ నాన్న గనిలో డంపరు నడిపేవాడు, ఆయన్ని ఆంధ్ర నుంచి ఆ పనే తీసుకొచ్చింది. అందుకే ఆమె మాట మా మాటలా ఉండదు. మేం 'ఏంది' అంటే ఆమె 'ఏంటి' అంటుంది. ఎర్రబోరు బడిలో టీచరు. ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర ఆ కారు కొనుక్కుంది. తన జీతం, తన కారు. నన్ను అడగలేదు. అడిగితే నేనేమంటానో ఆమెకు తెలుసు.

ఎర్రగా, నేలకు కరుచుకొని ఉంది. బానెట్ మీద గాలి పోవడానికి ముక్కుపుటం లాంటి సందు. మీటరు అప్పటికే రెండు లక్షలు దాటింది.

"ఇదేంది, కూలబడ్డదా?" అన్నాను.

"కూలబడలేదత్తయ్యా. దాని ఎత్తే అంత. టర్బో బండి, పరిగెత్తడానికి చేసింది."

"ఎటు పరిగెత్తుతవ్ దీంతోని? ఎర్రబోరు దాకనా?"

"మా నాన్న చూశారు. బాగా వాడారు గాని చెడగొట్టలేదన్నారు."

"మీ నాన్న డంపరు టైరంత లేదు గిది. ఆయనకేం కనపడ్డది?"

మా మేస్త్రి గుంత గట్టు మీద కూర్చొని చుట్ట కాలుస్తున్నాడు. దోర్లా తెగ మనిషి, మా ఆయన ఉన్నప్పటి నుంచి మాతోనే ఉన్నాడు. కారును ఒకసారి చుట్టూ తిరిగి చూసి, "అక్కా, దీని కిందికి దూరాలంటే మనం పాములమై పుట్టాలె" అన్నాడు.

కారు పెట్టడానికి ఇంటి పక్కన షెడ్డు ఖాళీ చేశాం. కోడలు బూజు దులుపుతూ గోడ మీదున్న మట్టి గూటికి చీపురు ఎత్తింది. కుమ్మరి పురుగు కట్టిన గూడు. తడి మట్టి ముద్దలు నోట కరుచుకొచ్చి, చిన్న కుండలా కట్టి, లోపల గుడ్డు పెట్టి, పిల్లకు పచ్చపురుగు మేత దాచి, మూతి మూసి వెళ్ళిపోతుంది.

"చీపురు దించు" అన్నాను. "కుమ్మరి పురుగు గూడు ఈ ఇంట్లో కూల్చరు. అది గూడు కట్టిన ఇంట్లో ఊయల కడతరు. మా అమ్మమ్మ నాటి నుంచి గిదే."

ఆమె చీపురు దించింది. పెళ్ళయి కొన్నేళ్ళయింది అప్పటికి. నేను ఆ సంగతి ఎప్పుడూ అడిగినదాన్ని కాదు. అడగకపోవడం కూడా పెద్దగా వినిపిస్తుందని ఆ రోజు నాకు తట్టలేదు.

ఆ తర్వాత మా ఇద్దరికీ గొడవలు మొదలయ్యాయి. అన్నీ ఆ కారు మీదే.

మొదటిది ఇంజను ఆపకపోవడం. బడి నుంచి వచ్చి, షెడ్డులో కారు పెట్టి కూడా ఇంజను ఆపేది కాదు. సీట్లో కూర్చొని చున్నీ సర్దుకునేది, బ్యాగులో ఏదో వెతుక్కునేది. ఇంజను మాత్రం తిరుగుతూనే ఉండేది. నిలబడిన బండి పెట్రోలు తాగడమంటే నాకు ఒళ్ళు మంట.

"ఎవరి కోసం కాలుస్తున్నవ్?"

"ఇంజనుకు గాలి తోసే టర్బో ఎర్రగా కాలి ఉంటుందత్తయ్యా. కాసేపు తిరగనిస్తే ఆయిల్ దాన్ని చల్లబరుస్తుంది. టక్కున ఆపితే లోపలున్న ఆయిల్ మాడి గట్టిపడుతుంది."

"గిన్నె దించినంక కూడ పొయ్యి కింద మంట పెడతరా ఎవరన్న?"

"అట్టు తీశాక మీరు పెనం మీద నీళ్ళు చల్లరా?"

"నీళ్ళు చల్లితే పైసలు పోవు."

రెండోది ఆయిల్ గొడవ. ఆమె తెప్పించే ఆయిల్ డబ్బా ధరకు మా దగ్గర ఒక ట్రాక్టరు ముచ్చటగా బతుకుతుంది. మూత తీసి చూస్తే నీళ్ళలా ఉంది. పప్పుచారు పోస్తున్నావా అని అడిగాను. హైవే మీద మాకు తెలిసిన పద్ధతి ఒకటే: ఇంజను ముసలిదయ్యేకొద్దీ ఆయిల్ చిక్కబడాలి. ఒక ఆదివారం మా అబ్బాయి, మేస్త్రి, నేను ముగ్గురం ఒకవైపు నిలబడి ఆమెను ఒప్పించాం. డ్రమ్ములోది పోశాం. మర్నాడు ఆమె ఎర్రబోరు నుంచి వచ్చి, తాళంచెవి నా చేతిలో పెట్టి, "అత్తయ్యా, మీ బండి వక్కలు నములుతోంది, వినండి" అంది.

విన్నాను. టిక్కు టిక్కుమని నిజంగానే నములుతోంది. ఆ ఇంజను లోపలి సందులు సన్నవి, చిక్కటి ఆయిల్ వాటిలోకి టైముకు ఎక్కదు. దించేశాం. దించిన ఆయిల్‌ను ట్రాక్టరుకు దాచాను. ఆ తర్వాత పప్పుచారు మీద నేను నోరు మెదపలేదు గాని, మూడో ఆదివారం వచ్చేసరికి ఆ కారు బానెట్ ఎత్తేది నేనే అయ్యాను. ఎలా అయిందో చెప్పలేను. ఆమె బట్టలుతుకుతుంటే ఖాళీగా కూర్చోలేక అనుకోండి. గేజి కడ్డీ తీసి ఆయిల్ మట్టం చూడటం, నీళ్ళు చూడటం, బెల్టు నొక్కి చూడటం, రబ్బరు పైపులు చేత్తో తడిమి ఎక్కడ ఉబ్బిందో ఎక్కడ ఎండిందో చూడటం. మీటరు ఎక్కువ తిరిగిన ఇంజనుకు పెద్ద వైద్యం అక్కర్లేదు, రోజూ ఎవరో ఒకరు పలకరించాలి. శబ్దం వినడానికి నాకు పప్పుగుత్తి దొరికింది. గుండ్రటి కొస ఇంజనుకు ఆనించి, పిడి కొస చెవికి పెట్టుకుంటే ఏ మూల ఏం జరుగుతోందో చక్కగా వినిపిస్తుంది.

"ఆ పప్పుగుత్తి మళ్ళీ వంటింట్లోకి రాకూడదు" అని కోడలు అంది.

"కొత్తది కొనే ముచ్చటే లేదు" అని నేను అన్నాను. రెండు మాటలూ నెగ్గాయి. అప్పటి నుంచి మా ఇంట్లో పప్పు గరిటె వెనకతోనే మెదుపుతున్నాం.

ఒకసారి నన్ను ఎక్కించుకొని తీసుకెళ్ళింది. ఎర్రబోరు ఇవతల రోడ్డు తిన్నగా ఉండే చోట, ఎదురుగా ఎవరూ లేనప్పుడు, "కొంచెం చూపించనా?" అని అడిగింది. నేను ఊ అనలేదు, ఉహూ అనలేదు. ఆమె కాలు నొక్కింది. ముందు ఈల వేసినట్టు సన్నటి శబ్దం. ఆ తర్వాత వెనక నుంచి ఎవరో నడుం పట్టి ముందుకు తోసినట్టయింది. చెట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నేను భయపడ్డానేమో అనుకొని ఆమె వెంటనే నెమ్మది చేసింది.

"సారీ అత్తయ్యా."

కొంగు అలాగే పట్టుకున్నాను. కొంగు తీస్తే నవ్వు కనబడుతుంది.

ఇక అసలు సంగతి. వానాకాలంలో ఒకరోజు గాలి పైపు విప్పి చూస్తే లోపలంతా ఆయిల్ జిడ్డు. ప్రతి ఇంజనుకూ ఊపిరి వదిలే పైపు ఒకటి ఉంటుంది, బ్రీదర్ అంటాం. లోపల పోగయిన ఆవిరీ పొగా దాని గుండా బయటికి పోవాలి. లారీలకు ఆ పైపు కిందికి వేలాడుతుంది, ఊపిరి రోడ్డు మీద వదిలేస్తాయి. ఈ కారుకు మాత్రం కంపెనీవాళ్ళు దాన్ని తిప్పి మళ్ళీ గాలి పైపులోనే కలిపారు. ముసలి ఇంజను కదా, ఊపిరితో పాటు ఆయిల్ కూడా అందులోకి తుమ్ముతోంది.

"లారీకి లెక్క కిందికి ఇడిసిపెడితే అయిపాయె" అన్నాడు మేస్త్రి.

"కంపెనీవాళ్ళు ఊరికే పెట్టరు కదా?" అంది కోడలు.

"కంపెనీవోళ్ళు కొంటా రోడ్డు చూసిన్రా?" అన్నాడు మా అబ్బాయి.

ఆ మాట మా అందరికీ నచ్చింది. గాలి పైపు వైపున్న మూతికి బిరడా కొట్టి, బ్రీదర్‌కు ఒక రబ్బరు పైపు తగిలించి కిందికి వదిలేశాం. కారు బాగానే నడిచింది. ఆమె తెప్పించిన కొత్త ఆయిల్ పోశాం. దసరా సెలవులకు కొడుకూ కోడలూ బస్సెక్కి టౌన్‌షిప్‌కు వెళ్ళారు, కారు షెడ్డులో కదలకుండా ఉంది. నేను షెడ్డు వైపు పోలేదు, దసరాకు లారీల రద్దీ ఎక్కువని దుకాణంలోనే కూర్చున్నాను.

తిరిగొచ్చి బడికి వెళ్ళడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే కారు వెనక నీలంగా పొగ. మొదట పొద్దున మాత్రమే, ఆపై రోజంతా. బానెట్ ఎత్తితే ఇంజను ఒళ్ళంతా ఆయిల్ చెమట. ఆయిల్ గేజి దానంతటదే పైకి లేచి నిలబడి ఉంది, లోపల నుంచి ఎవరో తోసినట్టు. ఇవన్నీ ఒకచోట కనిపిస్తే ఈ పనిలో ఉన్న ఎవడైనా ఒకటే మాట అంటాడు. మా అబ్బాయి అన్నాడు, "బోరుకొచ్చిందమ్మా." సిలిండర్లు అరిగి ఇంజను పోయిందని. ఒక లారీ కోసం జగదల్‌పూర్ నుంచి వచ్చిన మెకానిక్కుకు చూపిస్తే, అతనూ ఇంజను విప్పాల్సిందే అన్నాడు. సామాను ఎక్కడెక్కడి నుంచో రావాలి, కారు ధర కంటే అదే ఎక్కువవుతుంది. పప్పుగుత్తి పెట్టి విని నేనూ అదే అన్నాను. మా అందరి చదువూ అక్కడిదాకే.

దీనికి తోడు ఇంకోటి. కారుకు పదిహేనేళ్ళు నిండుతున్నాయి. సుక్మా తీసుకెళ్ళి ఫిట్‌నెస్ చూపించి, కాగితం మళ్ళీ రాయించుకుంటేనే రోడ్డెక్కాలి. నీలం పొగ కక్కే బండికి ఎవరూ సంతకం పెట్టరు. ఆ తేదీ దగ్గర పడింది. అంటే విప్పి బాగుచేయించే టైము కూడా లేదు, ఇక కారును ఉంచుకోవడమా, పాత ఇనుముకు వేయడమా అన్నదే మిగిలింది.

కోడలు ఏడవలేదు. ఆదివారం కారును కడిగింది, ఎప్పుడూ కడగనంత బాగా కడిగింది. "పోనివ్వండి, బస్సులో వెళ్తాను" అంది. బస్సులో వెళ్ళి వచ్చిన రోజు గుమ్మం దగ్గరే వాంతి చేసుకుంది.

"బస్సులో డీజిలు వాసన పడటం లేదు" అంది.

"డీజిలు దుకాణపోళ్ళ ఇంట్ల పడి డీజిలు పడదంటే ఎట్ల?" అని గదమాయించాను.

పాత ఇనుము కొనే కబాడీ అతను వచ్చాడు. టైర్లు తన్ని చూశాడు, పొగ చూశాడు, తల అడ్డంగా ఊపాడు. "అమ్మాజీ, ఇంజన్ తో ఖతమ్. అబ్ లోహే కా భావ్ మిలేగా." ఇక ఇనుము రేటే అని. ఇనుము రేటు మీదే కాసేపు వాదించాను. రేపు పొద్దున ట్రాలీ తెస్తానని వెళ్ళాడు.

అతను వెళ్ళాక నాకు గుర్తొచ్చింది. ఆ కారు కడుపులో దసరా ముందు పోసిన ఖరీదైన ఆయిల్ ఉంది, ఇంకా సగం వయసు కూడా కాలేదు. ఇనుము కొనేవాడికి ఆయిల్ ఊరికే ఎందుకు ఇవ్వాలి? కారును గుంత మీదికి తోయించాను. మా అబ్బాయి లారీ సామాను కోసం భద్రాచలం పోయాడు. మేస్త్రి గుంతలోకి దిగబోతే, "నువ్ ఆగు, గిది నేనే దింపుత" అన్నాను. మోకాళ్ళు వద్దంటున్నా మెట్టు మెట్టుగా దిగాను. ఆ కారుకు నేను చేసే ఆఖరి పని కదా అనిపించింది. కోడలు పైన బానెట్ ఎత్తిపెట్టి నిలబడి ఉంది.

నట్టు మీద పానా పెట్టాను. పక్కనే మేం వదిలిన బ్రీదర్ పైపు వేలాడుతోంది. దాని మూతిలో ఏదో ఉంది. రోడ్డు బురద అనుకున్నాను. దగ్గరగా చూస్తే బురద కాదు. నున్నగా, గుండ్రంగా, వేలి ముద్రలంత చిన్న చిన్న పొరలుగా అలికి ఉంది. స్క్రూ డ్రైవరు అందుకొని పొడవబోయాను.

"అత్తయ్యా, వద్దు." పై నుంచి ఆమె గొంతు. ఇంజను పక్క సందులోంచి నన్నే చూస్తోంది.

"ఏంది వద్దు?"

"అది తీయకండి. కుమ్మరి పురుగు ఇల్లది."

"నీకెట్ల తెలుసు?"

"సెలవుల నుంచి వచ్చిన రోజే చూశాను. పురుగు అందులోకి దూరి వస్తోంది. మీరే కదా చెప్పారు, ఈ ఇంట్లో కూల్చకూడదని."

"ఇంట్ల అన్న. పైపుల అన్ననా?"

"పైపులో అయితే కూల్చొచ్చని కూడా అనలేదు కదా."

మేస్త్రి గట్టు మీద చతికిలబడ్డాడు. చుట్ట నోట్లోంచి తీశాడు. "అక్కా, మనం బండికి బోరొచ్చింది అనుకుంటున్నం. దాని ముక్కు మూసుకపోయింది గంతే."

నేను గుంతలోనే గోడకు ఆనుకున్నాను. ఊపిరి బయటికి పోయే దారి లేకపోతే ఆ బలమంతా లోపలే నిండుతుంది. అది గేజిని పైకి తోస్తుంది, అతుకుల్లోంచి ఆయిల్‌ను బయటికి నెడుతుంది, టర్బోలోంచి కిందికి దిగాల్సిన ఆయిల్‌ను దిగనివ్వదు, అది వెనక పొగై పోతుంది. ప్రతిదీ సరిపోయింది. ఎవరూ చూడనిది ఆ ఒక్క పైపే. మా చేతులతో మేం వేలాడదీసిందే కదా, అదేం చేస్తుందిలే అనుకున్నాం.

"అయితే ఇంజను బాగనే ఉన్నట్టా?" అన్నాను.

"గూడు తీసి చూస్తేగాని చెప్పలేం" అన్నాడు మేస్త్రి.

మళ్ళీ స్క్రూ డ్రైవరు ఎత్తాను.

"అత్తయ్యా."

"మళ్ళ ఏంది?"

"కారు పోతే పోనివ్వండి. ఇది మాత్రం కూల్చొద్దు."

"నీకేమన్న పిచ్చా? ఇంత కారు పోగొట్టుకుంటవా పిడికెడు మట్టి కోసం?"

సందులోంచి ఆమె ముఖం సగమే కనిపిస్తోంది. చాలా మెల్లగా అంది: "బస్సులో వాంతి డీజిలు వాసనకు కాదత్తయ్యా."

మేస్త్రి హైవే వైపు తిరిగి, ఒక్క లారీ కూడా లేని రోడ్డును ఎంతో శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

గుంతలో నిలబడి, చేతిలో స్క్రూ డ్రైవరు పట్టుకొని, నెత్తి మీద ఇంజను పెట్టుకొని వినే మాట కాదది.

"ముందే చెప్పడానికి నోరు లేదా?"

"మీ అబ్బాయికే ఇంకా చెప్పలేదు. ఖాయమని తేలాక చెబుదామని."

"చేతులు ఆయిల్ అయినయ్. లేకపోతే..."

"లేకపోతే?"

"లేకపోతే ఏం లేదు. ఆ పైపు పై కొసకు క్లిప్పు ఉంటది, విప్పు."

"అత్తయ్యా, నేను చెప్పింది..."

"వినపడ్డది. కూల్చొద్దన్న గాని, ఇల్లు మార్చొద్దు అన్లే ఎన్నడు."

ఆమె క్లిప్పు విప్పింది. కింద నుంచి నేను పైపును రెండు చేతులతో పట్టుకున్నాను, పురిటి బిడ్డను పట్టుకున్నట్టు, మూతి వంచకుండా, గట్టిగా నొక్కకుండా. పైపు పైపుగానే ఊడొచ్చింది, గూడు పగలలేదు. మేస్త్రి అందుకొని కర్టెన్ తీగతో వసారా దూలానికి కట్టాడు, ఎండ తగలని చోట. పొగలో వేడిలో ఉన్న పిల్ల బతికిందా లేదా అని నాకు అనుమానమే, కాని ఆ మాట పైకి అనలేదు.

"మళ్ళీ కంపెనీవాళ్ళు పెట్టినట్టే పెడదాం" అంది కోడలు. ఈసారి కొంటా రోడ్డు సంగతి ఎవరూ ఎత్తలేదు.

"కొత్త పైపు కోయి" అన్నాను మేస్త్రితో.

పాత ముక్కలు ఇంకా ఒక డబ్బా నిండా ఉన్నాయి. అవి అయ్యేదాకా కొత్త పైపు చుట్ట విప్పనివ్వనని అతనికి తెలుసు. "కొత్తదా అక్కా?"

"చెవులు పనిచేస్తలేవా?"

బిరడా తీసి, కొత్త పైపు బిగించి, ఇంజను ఒళ్ళు తుడిచి, గేజి లోపలికి నొక్కాం. కోడలు తాళం తిప్పింది. మొదట కారు దగ్గింది. వెనక నీలంగా గుప్పుమని పొగ. నా గుండె కూడా అలాగే గుప్పుమంది. పైపుల్లో నిలిచిన పాత ఆయిల్ కాలడానికి కాస్త టైము పడుతుంది, అదంతా కాలేదాకా ఆగాలి. పొగ పలచబడింది. పలచబడి బూడిదరంగుకు వచ్చింది. ఆ తర్వాత లేదు. పప్పుగుత్తి పెట్టి విన్నాను. వక్కలు నమలడం లేదు, దగ్గు లేదు. కడుపు నిండిన పిల్లి గురగురలాడుతోంది. గేజి ఉన్నచోటే ఉంది.

"ఆయిల్ దింపుతవా అక్కా?" అన్నాడు మేస్త్రి.

"ఎందుకు దింపుత? సగం వయసు కాలే దానికి."

సాయంత్రం మా అబ్బాయి భద్రాచలం నుంచి వచ్చాడు. కారు బాగుపడిన సంగతి గుమ్మంలోనే చెప్పాం. రెండో సంగతి అన్నం తినేటప్పుడు కోడలు చెప్పింది. వాడు ముద్ద చేతిలో పట్టుకొని ఆమె వైపు, నా వైపు, దూలానికి వేలాడుతున్న పైపు వైపు చూశాడు. "నేను ఒక్కపూట లేకపోతే ఇన్ని అయినయా?" అన్నాడు. ఆ ముద్ద ఎంతసేపటికీ నోట్లోకి పోలేదు.

మర్నాడు కబాడీ అతను ట్రాలీతో వచ్చాడు. కోడలు కారు స్టార్టు చేసింది. అతను వెనక్కి వెళ్ళి సైలెన్సరు ముందు అరచెయ్యి పెట్టి, ఆ చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అమ్మాజీ, కల్ తో మర్ గయీ థీ." నిన్న చచ్చిపోయింది కదా అని.

"నిన్న ముక్కు మూసుకున్నది. ఇయ్యాల తీసుకున్నది. చాయ్ తాగి పో." ఖాళీ ట్రాలీతో పంపడం ఇష్టం లేక షెడ్డులో పనికిరాకుండా పడి ఉన్న ఇనుప డ్రమ్ములు చూపించాను. వాటి మీద వాదన బాగా జరిగింది.

సుక్మా నేనూ వెళ్ళాను. వద్దన్నా వెళ్ళాను. ఫిట్‌నెస్ చూసే సారు లైట్లు, బ్రేకులు, హారను చూసి, ఇంజను రైజు చేయమన్నాడు. నేను వెళ్ళి సైలెన్సరు వెనక నిలబడ్డాను.

"అమ్మా, పక్కకు జరగండి. పొగ చూడాలి" అన్నాడు హిందీలో.

"వస్తే గద చూసేది" అన్నాను తెలుగులో. కోడలు అతనికి దాన్ని ఏమని మార్చి చెప్పిందో తెలియదు, అతను తల ఊపి కాగితం అందుకున్నాడు. సంతకం పడేదాకా నేను అక్కడే నిలబడ్డాను. పొగ వస్తే ముందు నా మీదికే రావాలి, అతని కంట పడకముందే కొంగుతో విసురుకోవచ్చని నా లెక్క. రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఎర్రబోరు దాటాక రోడ్డు తిన్నగా వచ్చింది. ముందు ఎవరూ లేరు. ఆమె కళ్ళు నా వైపు తిరిగాయి.

"ఇప్పుడు కాదు" అన్నాను. "బండిల ఇంకో మనిషి ఉన్నరు."

"మీకు భయమని తెలుసులెండి."

"ఎవరు చెప్పిండ్రు భయమని?"

ఆమె నా ముఖం ఒకసారి చూసి రోడ్డు వైపు తిరిగింది. చాలా దూరం నవ్వుతూనే నడిపింది.

ఇంటి ముందు ఆగగానే ఆమె చెయ్యి తాళంచెవి మీదికి పోయింది. ఈ మధ్య నేను తిడతానని త్వరగా ఆపేస్తోంది.

"తొందరేంది?" అన్నాను. "సుక్మా దాకా పోయొచ్చింది. ఊపిరి తీసుకోనీ."

పిల్లలూ, మీకు నేను చెప్పగలిగింది తక్కువ. ముసలి ఇంజను పొగ వదిలితే, దాన్ని విప్పే ముందు ఈ మధ్య మీ చేతులు ఎక్కడ తగిలాయో అక్కడ చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళు పెట్టిన నియమం ఎక్కడి దాకా వెళుతుందో పెద్దవాళ్ళకే తెలియదు, కాబట్టి పైపు విషయం వస్తే అడగండి. కోపం చేసినా అడగండి.

కొన్నాళ్ళకు మేస్త్రి వసారాలోంచి పిలిచాడు. "అక్కా, కిరాయిదారు ఖాళీ చేసిండు." వెళ్ళి చూస్తే పైపు మూతిలో మట్టికి గుండ్రటి సన్నటి కంత. లోపల నుంచి తొలిచి ఎగిరిపోయింది. పైపు మంచి పైపు, కడిగితే ఇంకో లారీకి ఏళ్ళ తరబడి వస్తుంది. మేస్త్రి నా నోటి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఉండనీ అన్నాను. పనికొచ్చే వస్తువును పని లేకుండా ఈ ఇంట్లో వేలాడదీసింది అదొక్కటే.

మనవరాలు ఇప్పుడు అదే వసారాలో తిరుగుతుంది. సాయంత్రం కారు శబ్దం వినగానే పరుగెత్తుకొచ్చి నా పక్కన నిలబడుతుంది. కారు షెడ్డులోకి వస్తుంది, నిలబడుతుంది, ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

"నానమ్మా, అమ్మ ఎందుకు ఆపదు?"

"ఊపిరి తీసుకుంటుంది."

"పెట్రోలు కాలదా?"

ఎవరి పోలికో ఈ పిల్లది. "కాలితే కాలనీ" అంటాను.

అద్దం అవతల మా కోడలు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంటుంది. అది భయం కాదని నాకు తెలుసు.